లూదియా జాకెట్ల పేజీ

నంద్యాల,
ఆషాఢం, బేరాలు లేని కాలం.

లూదియా,

మూట విప్పగానే ముందు ఈ కాగితం చదువు. గుడ్డలు తర్వాత చూడొచ్చు. ఎప్పుడూ గుడ్డలన్నీ మంచం మీద పరిచి, నా కాగితం వాటి కింద పడేసి, రెండు రోజులు పోయాక కొలతలు ఏవని ఫోన్ చేస్తావు. నా నొక్కుడు ఫోను గల్లాపెట్టె పక్కనే ఉంటుందని, నేను మాట్లాడేది దుకాణమంతా వింటుందని నీకు తెలుసు. అందుకే కదా మనం మూటలో రాసుకునే అలవాటు పెట్టుకున్నది.

సరే, అసలు కబురు. మన సైటు నెట్‌లోకి ఎక్కింది!

మొన్న వేసవిలో నువ్వు వచ్చినప్పుడు చూశావే, మా అబ్బాయి శరత్ దుకాణం కంప్యూటర్లో తయారు చేసింది, అదే. ఇన్నాళ్లూ అది మా కంప్యూటర్ గడప దాటలేదు. ఇప్పుడు హోస్టింగ్ అని ఎక్కడో చోటు బాడుగకు తీసుకుని, డేటాబేసు మొత్తం అక్కడికి మార్చాడు. ఇక ఎవరు ఏ ఊళ్లో ఫోన్ తెరిచినా మన దుకాణం కనపడుతుందంట. వాడు తన ఫోన్లో మొదటి పేజీ తెరిచి చూపించాడు. పట్టుచీరలు ధగధగలాడుతున్నాయి. మా ఆయనైతే వచ్చిన ప్రతి మనిషికీ కాఫీ పోసి మరీ చూపిస్తున్నాడు.

చీరలన్నీ శరత్ ఎక్కించాడు. నీ మగ్గం పని జాకెట్లు మాత్రం వాడి చేతికి ఇవ్వలేదు. నేనే ఎక్కించాను. నవ్వకు. ఒక్కో బొమ్మ తెరవడం, పైన పడిన అడ్రసు ఒక్క అక్షరం పోకుండా కాపీ చేయడం, గడిలో పెట్టడం. ఇంటర్‌లో నీ పక్క బెంచీలో కూర్చుని నీ రికార్డు కాపీ కొట్టినదాన్ని, ఈ మాత్రం రాదా! ప్రతి బొమ్మ మీద "లూదియా, ఆళ్లగడ్డ" అని అచ్చు పడింది. ఎవరూ కాజేయకుండా పేరు బొమ్మలోనే కలిపేశాడు మా వాడు. నువ్వు అది చూసి పైట కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నాకింకా గుర్తుంది.

చూసి రాయి. ఇంకో మాట. నీ డిజైన్ల ట్రేసింగ్ కాగితాలు మూటలో పెట్టి పంపు. అవి కూడా సైటులో పెడితే బాగుంటుందని శరత్ అంటున్నాడు.

నీ
వరలక్ష్మి


ఆళ్లగడ్డ,
జూలై.

వరలక్ష్మీ,

వందనాలు. నీ కాగితం ముందే చదివాను, ఒట్టు.

చదవగానే ఫోన్ తెరిచాను. సైటు వచ్చింది. చీరలు బాగున్నాయి. జాకెట్ల పేజీ నొక్కాను. అక్కడ జాకెట్లు లేవే. ఖాళీ గళ్లు వరుసగా ఉన్నాయి. ప్రతి గడిలో చిరిగిన కాగితం ముక్కలాంటి గుర్తు ఒకటి, కింద ధర. అంతే. నా పని లేదు, నా పేరు లేదు, ధర మాత్రం ఉంది.

ఇంకా పని అవుతోందేమో, నేనే తొందరపడి చూశానేమో అనుకుని ఊరుకున్నాను. తర్వాత రోజూ పొద్దున టీ కాచుకుంటూ తెరిచి చూస్తున్నాను. అవే గళ్లు.

నీకు చెప్పలేదు గానీ, పోయిన నెల కోయిలకుంట్లలో మా వాళ్ల పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురి పక్కనున్న అమ్మాయి ఒంటి మీద నా జాకెట్టు ఉంది. చేతి అంచు చూసి ఇట్టే పట్టేశాను. ఎవరు కుట్టారమ్మా అని ఎవరో అడిగితే, నంద్యాల దుకాణం వాళ్లు అంది. నేను పక్కనే కూర్చుని బిర్యానీ తింటున్నాను. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు, చెప్పినా ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్లుగా నేను కుట్టింది మీ దుకాణం అట్టపెట్టెలోనే లోకానికి పోయింది. ఆ పేజీ ఒక్కటి ఉంటే చాలు, ఫోన్ తీసి చూపిస్తాను కదా అనుకున్నాను. నాకు ఆ పేజీ అంటే అంత. అందుకే అడుగుతున్నాను, ఏమైందో ఒకసారి చూడు.

ట్రేసింగ్ కాగితాలు వెతకాలి. పెట్టెలో అడుగున ఉన్నాయి.

నీ
లూదియా


నంద్యాల,
శ్రావణం.

లూదియా,

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న బేరం అలాగే వదిలేశాను. పరుగెత్తి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అన్నీ ఉన్నాయే తల్లీ! పేజీ మొత్తం కిందికి పైకి తిప్పి చూశాను. నీ నెమలి, నీ కలువలు, ఆ బూడిదరంగు పట్టు మీద నువ్వు కళ్లు పోగొట్టుకుని వేసిన జరీ జాలీ, అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మా ఆయన్ను పిలిచి చూపించాను, ఆయనకూ కనపడ్డాయి.

శరత్‌ను అడిగితే, "ఆయమ్మ ఫోన్లో నెట్ స్లో ఉంటాదిలే మా, అన్నీ వస్తాండాయి కదా ఈడ" అన్నాడు. వాడు ఉద్యోగం ఇంటర్వ్యూలని తిరుగుతున్నాడు, రెండోసారి అడిగితే విసుక్కున్నాడు. ఫోను కాసేపు ఆపి మళ్లీ తెరువు.

ట్రేసింగ్ కాగితాలు ఈ మూటలో కూడా రాలేదు. నీ పెట్టె ఎంత ఉంటుందో నాకు తెలియదా? అందులో వెతకడానికి ఇన్ని రోజులా?

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. మా ఆయన పని మీద ఆళ్లగడ్డ వచ్చి, మీ వీధి మీదుగా పోతుంటే మీ ఇంటి ముందు తెల్లకారు ఆగి ఉందంట. ఎవరు వచ్చారు? చుట్టాలైతే మంచిదే.

మా అమ్మాయి వర్షిణి నిశ్చితార్థం కార్తీకంలో ఉంటుంది. దాని జాకెట్టు సంగతి నీకు వేరే చెప్పక్కరలేదు. చిన్నప్పటి నుంచి అది నీ నెమలి కోసమే కాచుకుని ఉంది.

వరలక్ష్మి


ఆళ్లగడ్డ,
ఆగస్టు.

వరలక్ష్మీ,

ఫోన్ ఆపి తెరిచాను. మా అమ్మాయి రమ్య ఫోన్లో చూశాను. పక్కింటి నాగేశ్వరమ్మ కోడలి ఫోన్లో చూశాను. అందరి ఫోన్లూ ఒకేసారి చెడిపోతాయా? చివరికి బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు పోయి అక్కడి కంప్యూటర్లో తెరిపించి, ప్రింటు తీయించాను. ఈ కాగితంతో పాటే పిన్ను కొట్టాను, నీ కళ్లతో నువ్వే చూడు. ప్రింటు తీసిన అబ్బాయి "ఏందమ్మా ఇది, ఖాళీ పేజీకి దుడ్లు దండగ" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నువ్వు అన్నీ ఉన్నాయంటావు. నాకు, ఈ ఊళ్లో ఎవరికీ ఒక్కటీ కనపడదు. చీరలకు రాని రోగం నా జాకెట్లకే ఎందుకు వచ్చింది?

మా ఆయన దేవసహాయం పోయిన మూట ఇవ్వడానికి ఆటో వేసుకుని మీ దుకాణానికి వచ్చాడు కదా. వచ్చినప్పటి నుంచి ఒకటే మాట. "మేడ మీద కొత్త మగ్గం బిగిస్తాండారు మే. ఎవురికని అడిగితే ఆ పిల్లోళ్లు నవ్వుతాండారు గానీ చెప్పల్యా." నేను కొట్టిపారేశాను. వరలక్ష్మి నాకు చెప్పకుండా ఏమీ చేయదని ఆయన మీదే గట్టిగా అరిచాను. అరిచిన తర్వాత కూర్చుని ఆలోచిస్తే, పేజీలో నా పేరు లేదు, ట్రేసింగులు పంపమని నువ్వు ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు, ఇప్పుడు మేడ మీద మగ్గం. ఆ మగ్గం మీద ఎవరు కూర్చుంటారు? నా కాగితాలు ఎవరి ముందు పరుస్తారు?

ఒక చిన్న సాయం చేయి. నెమలి జాకెట్టు బొమ్మలో ఏమేమి కనపడుతోందో ఉన్నది ఉన్నట్టు రాయి. ఎందుకని అడగకు.

లూదియా


నంద్యాల,
శ్రావణం పోయింది.

లూదియా,

నన్ను పరీక్ష పెడుతున్నావా? సరే, రాస్తాను.

కంప్యూటర్ ముందు కూర్చునే రాస్తున్నాను. నెమలి ఎడమ భుజం మీద ఉంది, తోక వీపు మీదుగా కుడి చేతి దాకా దిగింది. కన్ను దగ్గర నువ్వు ఎప్పుడూ పెట్టే ఒంటరి ఎర్రపూస ఉంది. బొమ్మ కింది మూలలో తెల్ల అక్షరాలతో "లూదియా, ఆళ్లగడ్డ". చాలా? ఇంకా ఏమన్నా చెప్పాలా? ఫోటో తీసేటప్పుడు జాకెట్టు తొడిగిన కొయ్యబొమ్మకు వేసిన మెడగొలుసు మా అత్తది, అది కూడా కనపడుతోంది.

నీ ప్రింటు మా ఆయనకు చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. ఆయన కంప్యూటర్ వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసి, "ఈ కాలంలో కాగితం మీద ఏం కావాలంటే అది అచ్చేసుకోవచ్చు. పోవాలనుకున్నోళ్లకు ఏదో ఒక సాకు కావల్ల" అన్నాడు. నేను నీ తరఫున వాదించాను. కానీ లూదియా, నా కళ్ల ముందు అన్నీ మెరుస్తుంటే, నీ ప్రింటు ఖాళీగా ఉంటే, నేను దేన్ని నమ్మాలి? నా కళ్లనా, నీ కాగితాన్నా?

తెల్లకారు గురించి అడిగాను. నువ్వు ఒక్క ముక్క రాయలేదు. మూడు పేజీలు రాసే మనిషివి, దాని దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. నాకు ఎలా ఉంటుందో ఆలోచించు.

మగ్గం సంగతంటావా, దుకాణం అన్నాక వస్తువులు వస్తుంటాయి, పోతుంటాయి. ప్రతిదీ ఇప్పుడే చెప్పాలని ఎక్కడా లేదు. ఆ సమయం వచ్చినప్పుడు నీకే తెలుస్తుంది.

వర్షిణి జాకెట్టుకు కొలతలు పంపుతున్నాను. నిశ్చితార్థం లోపల ఇస్తావా, ఇవ్వవా? అది ఒక్కటి సూటిగా చెప్పు.

వరలక్ష్మి


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు.

వరలక్ష్మి గారికి,

మీరు రాసింది చదివాను. లేనిదాన్ని ఉన్నట్టు ఎంత బాగా రాశారు! ఎర్రపూస కూడా మరిచిపోలేదు. మే నెలలో నేను చూసిన బొమ్మను గుర్తు పెట్టుకుని రాశారని నాకు అర్థమైంది. మీ కాగితం చదువుతూ నేను కూడా ఫోన్ తెరిచి ముందు పెట్టుకున్నాను. నా ముందు ఖాళీ గడి ఉంది.

మగ్గం గురించి సమయం వచ్చినప్పుడు తెలుస్తుందన్నారు. చాలండి. తెలిసింది.

తెల్లకారు గురించి దాచింది నిజమే. ఆ కారు ప్రేమ్ సాగర్ అని, ప్రొద్దుటూరులో పెద్ద బొటిక్ పెట్టినాయనది. నా పని చూసి వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రోజు వద్దని పంపేశాను. మీకు చెబితే, ఇది నన్ను బెదిరిస్తోందని అనుకుంటారేమోనని చెప్పలేదు. అదీ నా దాపరికం. మీ దాపరికం పక్కన అది ఎంత ఉందో మీరే కొలుచుకోండి.

ఆయన ఇప్పుడు మళ్లీ కబురు పంపాడు. ఈసారి వద్దనలేదు. అక్కడా నా పేరు ఉండదంట. పేరు పెడతానని ఆశ పెట్టి తీసేసిన చోటు కంటే, ముందే పెట్టనని చెప్పిన చోటు నయం కదా. కనీసం రోజూ పొద్దున ఫోన్ తెరిచి ఏడవక్కరలేదు.

చేతిలో ఉన్న మీ పని పూర్తి చేసి ఈ మూటలో పెట్టాను. మొదలుపెట్టని గుడ్డలు వెనక్కి పంపుతున్నాను. వర్షిణి జాకెట్టు మీ మేడ మీది మగ్గం మీద కుట్టించుకోండి. ఆ పాపకు నా ఆశీస్సులు, అందులో మాత్రం ఏ లోపమూ లేదు.

మీ సైటు ఇక నేను చూడను.

లూదియా


నంద్యాల,
ఆశ్వయుజం, దసరా ముందు.

నా లూదియా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. తప్పు నాది. పూర్తిగా నాది. నీ కాగితం నిజం, నీ ఫోను నిజం, నీ ఖాళీ గళ్లు నిజం.

నిన్న కోయిలకుంట్లలో మా చెల్లెలి మనవడి ఉయ్యాలకు వెళ్లాను. ఆడవాళ్లంతా చేరిన చోట నేను ఊరుకుంటానా? మా దుకాణం ఇప్పుడు నెట్‌లో ఉందని గొప్పలు మొదలుపెట్టాను. నీ మీద కోపం ఉన్నా నాలుక మీదికి ముందు వచ్చింది నీ జాకెట్లే. "మా లూదియా పని చూడాల మీరు" అన్నాను. మా చెల్లెలి కోడలు సౌమ్య ఫోన్ తీసి తెరిచింది. అందరూ తలలు వంచి చూస్తున్నారు. అది వేలితో కిందికి జరిపింది, ఇంకా కిందికి జరిపింది. "ఏందత్తా, ఈడ ఏమీ ల్యా" అంది.

ఖాళీ గళ్లు. చిరిగిన కాగితం గుర్తు. కింద ధర. నువ్వు రాసినట్టే, ప్రింటులో ఉన్నట్టే. భోజనం దగ్గర కూర్చోకుండా బస్సెక్కి వచ్చేశాను.

శరత్‌ను లాక్కొచ్చి కూర్చోబెట్టాను. వాడు డేటాబేసు తెరిచి ఒకసారి చూశాడు, తల పట్టుకున్నాడు. "మా, ఈ బొమ్మల దారులు ఎవురు రాసినారు?" అన్నాడు. నేనే అన్నాను. చీరలకు వాడు బొమ్మ పేరు మాత్రమే రాశాడంట. నేను మాత్రం పైన కనపడిన అడ్రసంతా, ఒక్క అక్షరం పోకుండా కాపీ చేసి పెట్టాను కదా. ఆ అడ్రసు మొదట్లో ఉన్నది మా దుకాణం కంప్యూటర్ తనను తాను పిలుచుకునే పేరంట. దానికి అర్థం "ఈ కంప్యూటర్లోనే" అని. డేటాబేసు హోస్టింగ్‌కు పోయినా ఆ మాట అలాగే దాంతో పాటు పోయింది. ఇప్పుడు ఎవరు ఏ ఊళ్లో తెరిచినా, వాళ్ల ఫోను ఆ బొమ్మను తనలోనే వెతుక్కుంటుంది, అక్కడ ఉండదు కాబట్టి ఖాళీ గడి చూపిస్తుంది. మా దుకాణం కంప్యూటర్లో మాత్రం పాత బొమ్మలు ఉన్నాయి కాబట్టి దానికి దొరుకుతాయి. కవరు మీద "మా ఇల్లు" అని రాసి పోస్టులో వేసినట్టు చేశాను. ఇంట్లోవాళ్లకు తప్ప అది ఎవరికి అందుతుంది?

శరత్ ఆ ముక్క తీసేసి దారులన్నీ సరిచేశాడు. ఎంతోసేపు పట్టలేదు. "హోస్టింగ్‌కు మార్చినప్పుడు నేను బయట నుంచి జాకెట్ల పేజీ చూసుకోవాల్సింది మా, చూడల్యా" అని వాడూ మొహం దించుకున్నాడు. సౌమ్యకు ఫోన్ చేసి తెరిపించాను. నెమలి వచ్చిందత్తా అని అరిచింది.

లూదియా, వాడికి వదిలేసి ఉంటే మొదటి రోజే నీ బొమ్మలు వచ్చేవి. నీవి కదా, నా చేత్తో నేనే పెట్టాలని పంతం పట్టాను. నా ప్రేమే నీ పేజీని ఖాళీ చేసింది. ఆ పైన నిన్ను అబద్ధాలకోరును చేశాను. మా ఆయన ముందు నీ ప్రింటు పరిచాను. అది తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తోంది.

మేడ మీద మగ్గం నీకే. దసరా బేరాల్లో నిన్ను తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టాలని, వచ్చిన పెళ్లివాళ్లంతా కుట్టేది ఎవరో తమ కళ్లతో చూడాలని తెప్పించాను. ముందే చెబితే నువ్వు సిగ్గుపడి రానంటావని దాచాను. నువ్వు మగ్గం సంగతి అడిగిన రోజు అహం అడ్డొచ్చి మరీ దాచాను.

వర్షిణి పట్టు మూటలో ఉంది. నువ్వు కుట్టకపోయినా ఫర్వాలేదు, ఈ కాగితం మాత్రం చదువు.

నీ
వరలక్ష్మి


ఆళ్లగడ్డ,
అక్టోబరు.

వరలక్ష్మి గారికి,

మూట అందింది. పట్టు తగిలింది కాబట్టి వర్షిణి జాకెట్టు గుడ్డని తెలుసు. ముడి విప్పలేదు. విప్పితే మీ కాగితం చదువుతాను, చదివితే మళ్లీ మెత్తబడతాను. అలా అయిపోవడం నాకు ఇష్టం లేదు.

ఈ చీటీ పైన గుచ్చి, వచ్చినది వచ్చినట్టు బస్సులో వేయిస్తున్నాను. దయచేసి ఇక మూటలు పంపవద్దు. ఫోన్ చేసినా తీయను.

లూదియా


నంద్యాల,
మన సైటులో, జాకెట్ల పేజీలో, నెమలి బొమ్మ కింద. కార్తీకం.

లూదియా,

మూట తిరిగి వచ్చింది. నేను వేసిన ముడి నాకే వచ్చింది. పిలిస్తే ఫోన్ తీయవు, వస్తే తలుపు తీయవేమో. అందుకని, బొమ్మ గురించి రాసే గడిలో ఈ ఉత్తరం రాయనిమ్మని శరత్‌ను అడిగాను. లోకమంతా చదువుతుంది మా అన్నాడు. చదవనీ అన్నాను. సైటు ఇక చూడనన్నావు. నువ్వు చూడకుండా ఉండలేవని నాకు తెలుసు.

ఇది చదివే వాళ్లందరికీ కూడా చెబుతున్నాను. ఈ పేజీలోని పని అంతా ఆళ్లగడ్డ లూదియాది. మా దుకాణం అట్టపెట్టెలో ఇన్నేళ్లుగా మీ ఇళ్లకు వచ్చిన మగ్గం పని జాకెట్లు కూడా ఆమెవే. మీ జాకెట్టు తిరగేసి చూడండి. నెమలికైనా, పువ్వుకైనా, ఎక్కడో ఒకచోట ఒంటరి ఎర్రపూస ఉంటుంది. అది ఆమె చేయి. మా వాళ్లు కుట్టారని మేము ఏనాడైనా మీతో అని ఉంటే, మాకు ఆ మాట అనే హక్కు లేదు.

ఈ బొమ్మలు కొన్ని నెలల పాటు ఎవరికీ కనపడలేదు. అవి ఎక్కించింది నేను, అడ్రసు తప్పు రాసింది నేను. సరిచేయడానికి మా శరత్‌కు ఒక్క పూట కూడా పట్టలేదు. లేవని ఆమె మొత్తుకుంటే నమ్మనిదీ నేనే. నా కళ్లను నమ్ముకుని నా లూదియాను నమ్మలేదు.

మేడ మీద మగ్గం నీ కోసం తెచ్చింది. దసరా పోయింది. మగ్గం ఖాళీగానే ఉంది. ఎవరినీ కూర్చోనివ్వలేదు.

వరలక్ష్మి


ఆళ్లగడ్డ,
నవంబరు, వాన వెలిసిన రోజు.

వరలక్ష్మీ,

వందనాలు. ఈ మూట పైనే కాగితం పెట్టాను, వెతుక్కోనక్కరలేదు.

నీ సైటు చూడనన్నాను. రోజూ చూస్తూనే ఉన్నాను, ఏం దాస్తాను! దసరా ముందు ఒక పొద్దున బొమ్మలన్నీ వచ్చేశాయి. సంతోషం వేయలేదు. నేను ప్రేమ్ సాగర్ దగ్గరికి పోయానని తెలిసి, బెదిరి పెట్టేశారని అనుకున్నాను. అనుమానం అంత పాడుది వరా, ఖాళీ గడి చూసినా నువ్వే చేశావంటుంది, నిండిన గడి చూసినా నువ్వే చేశావంటుంది. నీ మూట తిప్పి పంపింది ఆ వారమే.

తర్వాత నెమలి కింద నీ ఉత్తరం కనపడింది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, నేను కదల్లేదు. దేవసహాయం వచ్చి ఏందని అడిగితే ఫోన్ ఆయన చేతికి ఇచ్చాను. బయటికి చదివాడు. ఎర్రపూస దగ్గరికి వచ్చేసరికి ఆ మాట వెనక్కి పోయి ఇంకోసారి చదివాడు. ఫోన్ తిరిగి నా చేతికిస్తూ, "మగ్గం మాట నేనే మోసుకొచ్చినాను గదా మే" అన్నాడు. ఎక్కడెక్కడి వాళ్లో మీ దుకాణంలో నా నంబరు అడిగి తీసుకుని ఫోన్లు చేస్తున్నారు. తమ జాకెట్టు తిరగేస్తే పూస కనపడిందంట. కోయిలకుంట్ల పెళ్లిలో చూసిన ఆ అమ్మాయి కూడా చేసింది.

ఇక నేను చేసింది విను. నీ మీద కోపంతో నా ట్రేసింగ్ కాగితాలన్నీ ప్రేమ్ సాగర్‌కు ఇచ్చేశాను. నెమలిది కూడా. వర్షిణి నెమలి ఇప్పుడు ప్రొద్దుటూరులో అద్దాల వెనకాల ఆయన పేరుతో వేలాడుతోంది. నేను పోయి వెనక్కి అడిగాను. "కాగితాలు తీసుకుపోమ్మా, మా దగ్గర కాపీలు ఉండాయి" అని నవ్వాడు. ఇక ఆయనకు పని చేయనని చెప్పి వచ్చేశాను. కానీ పోయినవి పోయాయి. నా పేరు నువ్వు చెరిపేశావని ఊరంతా ఏడ్చాను. తీరా చూస్తే నువ్వు చెరపలేదు. నేనే నా చేత్తో చెరిపేసి ఆయన చేతిలో పెట్టాను. నువ్వు చేసిన తప్పు శరత్ ఒక్క పూటలో సరిచేశాడు. నాది సరిచేసేవాళ్లు లేరు. వర్షిణికి ఈ మాట నువ్వే చెప్పు, నాకు ముఖం లేదు.

దాని నిశ్చితార్థానికి నెమలి వద్దు. మా చేలల్లో ఇప్పుడు శనగ పూతకు వచ్చింది. ఊదారంగు పువ్వు, గోరంత ఉంటుంది, దాని మీద నుంచి నడిచి పోతామే గానీ ఎవరూ వంగి చూడరు. జాకెట్టు మీద ఇంతవరకు ఎవరూ వేసి ఉండరు. కొత్తగా గీశాను. నమూనా కుట్టి మూటలో పెట్టాను, ఫోటో పెన్‌డ్రైవ్‌లో ఉంది. వర్షిణికి నచ్చితే నేను తిప్పి పంపిన పట్టు తీసి ఉంచు, నేనే నంద్యాల వస్తాను, మీ మేడ మీద కూర్చుని కుడతాను. మగ్గం కాళ్లు నాకు ఎత్తవుతాయని దేవసహాయం అన్నాడు, కొంచెం కోయించి పెట్టు.

శనగ పువ్వు బొమ్మ నెమలి పక్కన పెట్టు. శరత్ చేతికి ఇవ్వకు. నువ్వే ఎక్కించు.

నీ
లూదియా